మల్టీమీటర్‌తో ఇంట్లో వస్తువుల లోపలికి: నా కొలతల ప్రాజెక్టు డైరీ

ప్రాజెక్టు ఏంటంటే, రోజూ చేతిలో ఉండే చిన్న చిన్న కరెంటు వస్తువులు ఉంటాయి కదా, టార్చి, ఛార్జింగ్ కేబుల్, థర్మామీటర్, డిజిటల్ కాటా, వీటిని ఒక్కొక్కటిగా బల్ల మీద పెట్టి మీటర్‌తో కొలిచి లోపల ఏం జరుగుతుందో అంకెల్లో చూడటం. ఓమ్ సూత్రం (వోల్టేజ్ = కరెంట్ × రెసిస్టెన్స్) స్కూల్లో అందరం చదివాం, పరీక్షలో రాశాం కూడా. కానీ ఆ సూత్రం నా ఛార్జర్ వైర్‌లో ఎక్కడుంది, టార్చి బల్బులో ఎక్కడుంది అని ఎవరైనా అడిగితే చూపించగలగాలి, అదీ నా పట్టుదల. తీసిన రీడింగులన్నీ ఇక్కడే రాస్తున్నా, ఎవరికైనా అదే ప్రయోగం చేసుకోవాలనిపిస్తే పోల్చి చూసుకోవడానికి పనికొస్తాయి.

ముందే ఒక హద్దు పెట్టుకున్నా. 12 వోల్టులు దాటిన దేన్నీ ముట్టుకోను. గోడ ప్లగ్‌లో ప్రోబ్‌లు (మీటర్ వైర్ల చివర ఉండే లోహపు మొనలు) పెట్టేది లేదు, ఛార్జర్ డబ్బా విప్పేది అసలే లేదు, ఎందుకంటే ప్లగ్ పీకేసిన తర్వాత కూడా లోపల పెద్ద కెపాసిటర్ (ఛార్జ్‌ని నిల్వ ఉంచే భాగం) కొంతసేపు వందల వోల్టులు పట్టుకుని ఉండొచ్చు. ఇంటి కరెంటు కొలవాలంటే క్యాట్ 2, క్యాట్ 3 అని భద్రతా రేటింగ్ ఉన్న మీటర్, దానికి తగ్గ ప్రోబ్‌లు, సెరామిక్ ఫ్యూజ్ ఉండాలి. నా దగ్గరున్నది మామూలు చిన్న మీటర్, సన్నటి గాజు ఫ్యూజ్. దాని పని బ్యాటరీలు, 5 వోల్టుల వస్తువులు, అంతవరకే. నేర్చుకోవడానికి అది ధారాళంగా సరిపోతుంది.

మీటర్ నుంచే మొదలు

దేనితో కొలుస్తున్నామో అది తెలీకుండా కొలతలు నమ్మలేం కాబట్టి ప్రోబ్‌లు పీకేసి, లోపలి బ్యాటరీ తీసేసి, మొదట మీటర్ మూతే విప్పా. లోపల చూస్తే నల్లటి చుక్కలా గట్టిపడిన జిగురు కింద ఒక చిప్, చుట్టూ రెసిస్టర్లు, ఒక ఫ్యూజ్, ఇంకా 10 ఆంపియర్ల సాకెట్ పక్కన గుర్రపు నాడా ఆకారంలో వంచిన లావుపాటి తీగ. ఆ తీగే షంట్, అంటే కరెంట్‌ని తనలోంచి పోనిచ్చి కొలవడానికి వీలిచ్చే అతి చిన్న రెసిస్టర్. ఈ తరహా మీటర్లలో దాని రెసిస్టెన్స్ 0.01 ఓమ్ ఉంటుంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. డయల్ మీద వోల్టులు, ఆంపియర్లు, ఓమ్‌లు అని ఇన్ని గుర్తులున్నా చిప్‌కి కొలవడం వచ్చింది ఒక్కటే, వోల్టేజ్. అది కూడా 200 మిల్లీవోల్టుల లోపు వోల్టేజ్. మిగతావన్నీ ఆ 200 మిల్లీవోల్టుల్లోకి దించడమే డయల్ చేసే పని. 20 వోల్టుల రేంజ్‌లో పెడితే రెసిస్టర్ల వరసతో వోల్టేజ్‌ని వందో వంతుకి దించి చిప్‌కి ఇస్తుంది. 10 ఆంపియర్ల రేంజ్‌లో పెడితే కరెంట్ ఆ నాడా తీగలోంచి వెళ్తుంది, 10 ఆంపియర్లకి 0.01 ఓమ్ మీద 100 మిల్లీవోల్టులు పడతాయి, చిప్ వాటిని చదివి దశాంశ చుక్క జరిపి 10.00 అని చూపిస్తుంది. ఓమ్‌ల రేంజ్‌లో అయితే లోపల విలువ తెలిసిన రెసిస్టర్‌నీ బయట మనం పెట్టిన రెసిస్టర్‌నీ ఒకే కరెంట్‌లో వరసగా ఉంచి, రెండింటి మీదా పడ్డ వోల్టేజ్‌లని పోలుస్తుంది. కరెంట్ ఎంతో దానికి తెలియాల్సిన పనే లేదు, పోలిక చాలు. ఈ పోలిక అనే మాట గుర్తుపెట్టుకోండి, కాటా దగ్గర మళ్ళీ కావాలి.

ఆంపియర్ల రేంజ్‌లో మీటర్ అంటే దాదాపు ఉత్త తీగే అని కూడా దీంతో తేలిపోయింది. అందుకే ఆ రేంజ్‌లో ప్రోబ్‌లు బ్యాటరీ రెండు చివర్లకీ ఆనిస్తే షార్ట్ సర్క్యూట్ అవుతుంది. కరెంట్ కొలవాలంటే సర్క్యూట్‌ని ఒకచోట తెంపి ఆ సందులో మీటర్ పెట్టాలి, వోల్టేజ్ అయితే తెంపక్కర్లేదు, పక్కనుంచి ఆనిస్తే చాలు.

మరి ఆ 200 మిల్లీవోల్టుల్ని అంకెగా ఎలా మారుస్తుంది? ఇలాంటి మీటర్లలో చాలాకాలంగా వాడుతున్న చిప్ కుటుంబం ఐసీఎల్ 7106, దాని పద్ధతిని డ్యూయల్ స్లోప్ అంటారు. తెలియని ధారతో కుండని సరిగ్గా ఇంత సేపు అని నింపి, తర్వాత కొలత తెలిసిన చిల్లులోంచి ఖాళీ అవడానికి ఎంతసేపు పట్టిందో లెక్కపెట్టినట్టు. చిప్ లోపల కుండ స్థానంలో కెపాసిటర్ ఉంటుంది, కొలవాల్సిన వోల్టేజ్‌తో 1000 టిక్కులు నింపుతుంది, తర్వాత తన దగ్గరున్న, విలువ తెలిసిన రిఫరెన్స్ వోల్టేజ్‌తో ఖాళీ చేస్తూ టిక్కులు లెక్కపెడుతుంది, ఆ లెక్కే తెర మీద అంకె. ఇందులో తెలివి ఏంటంటే కెపాసిటర్ విలువ కాస్త అటూఇటూ ఉన్నా, గడియారం కొంచెం నిదానంగా నడిచినా జవాబు మారదు, ఎందుకంటే నింపేటప్పుడూ ఖాళీ చేసేటప్పుడూ అదే కెపాసిటర్, అదే గడియారం. చవక విడిభాగాలతో ఇంత నమ్మకమైన కొలత రావడానికి కారణం ఇదే. ఇంకోటి, నింపే సమయాన్ని 100 మిల్లీసెకండ్లుగా పెడితే ఇంటి కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట సరిగ్గా 5 అలలు, 60 ఉన్నచోట సరిగ్గా 6 అలలు పడతాయి, కాబట్టి గోడల్లోని కరెంటు వైర్ల నుంచి చొరబడే హమ్ పైకీ కిందకీ సమానంగా కొట్టేసుకుని సున్నా అయిపోతుంది. ఎవరు ఆలోచించారో గానీ వాళ్ళకి దండం పెట్టాలి.

9 వోల్టుల్లో మూడు ఎక్కడికి పోయాయి

మీటర్ పెట్టడం వల్లే సర్క్యూట్ మారిపోతుంది అని చదివినప్పుడు అది ఏదో సూక్ష్మమైన విషయం అనుకుంటాం, కానీ కళ్ళకి కట్టినట్టు చూపించే ప్రయోగం ఉంది, రెండే రెండు రెసిస్టర్లు చాలు. రెండూ ఒక మెగాఓమ్‌వి, అంటే పది లక్షల ఓమ్‌లు. వరసగా కలిపి 9 వోల్టుల బ్యాటరీకి పెట్టా. బ్యాటరీ మీద నేరుగా కొలిస్తే 9.20. రెండూ సమానం కాబట్టి ఒక్కోదాని మీద 4.60 రావాలి. నా చిన్న మీటర్ పెడితే మొదటిదాని మీద 3.07, రెండోదాని మీద కూడా 3.07. కలిపితే 6.14. మిగతా మూడు వోల్టులు లెక్కలో లేవు!

పోయింది ఏమీ లేదు. నా మీటర్ వోల్టేజ్ రేంజ్‌లో తనే ఒక మెగాఓమ్ రెసిస్టర్‌లా పనిచేస్తుంది. దాన్ని ఒక రెసిస్టర్ పక్కన ఆనించగానే ఆ జంట కలిసి అర మెగాఓమ్ అయిపోయింది, కింద అర, పైన ఒకటి, అంటే 9.20లో మూడో వంతే కిందకి వస్తుంది, అదే 3.07. రెండోవైపు కొలిచినా అదే కథ. తమ్ముడి దగ్గర కాస్త మంచి మీటర్ ఉంది, దాని ఇన్‌పుట్ 10 మెగాఓమ్‌లు, అది పెడితే 4.38 వచ్చింది. లెక్క వేసినా 4.38 వస్తుంది. రెసిస్టర్లు మార్చి 1 కిలోఓమ్‌వి రెండు పెడితే రెండు మీటర్లూ 4.60 దగ్గరే చూపించాయి, ఎందుకంటే కిలోఓమ్ పక్కన మెగాఓమ్ ఉన్నా లేనట్టే.

ఇంతకుముందు ఈ మీటర్ తప్పు, ఆ మీటర్ రైట్ అని జనం వాదించుకోవడం చూశా. రెండూ రైటే. కొలిచే సర్క్యూట్ ఎంత బలంగా ఉంది, మీటర్ దానిలోంచి ఎంత లాగుతుంది అనేదే ప్రశ్న. అప్పటినుంచి ఏ రీడింగ్ తీసినా ముందు ఇదే అడుగుతున్నా, మీటర్ ఆనించక ముందు ఇక్కడ ఎంత ఉండి ఉంటుంది అని.

సెల్స్

డ్రాయర్లో ఉన్న పెన్సిల్ సెల్స్ అన్నీ బయటికి తీశా. ఊరికే వోల్టేజ్ చూస్తే కొత్త ఆల్కలైన్ సెల్ 1.604, టార్చిలోంచి తీసేసిన పాతది 1.34. అంకెలు చూస్తే పాతదాంట్లో ఇంకా చాలా ఉన్నట్టే అనిపిస్తుంది కదా, మరి టార్చి ఎందుకు వెలగట్లేదు? ఇక్కడే లోడ్ పెట్టి కొలవాలి. సెల్ చివర్ల మధ్య 10 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, అది ఉండగానే వోల్టేజ్ చూశా. కొత్తది 1.562కి దిగింది. పాతది 0.98కి పడిపోయింది.

లెక్క చిన్నదే. కొత్తదాంట్లో కరెంట్ 1.562ని 10తో భాగిస్తే 0.156 ఆంపియర్, వోల్టేజ్ పడింది 0.042, దాన్ని కరెంట్‌తో భాగిస్తే 0.27 ఓమ్. పాతదాంట్లో 0.36ని 0.098తో భాగిస్తే సుమారు 3.7 ఓమ్‌లు. ఇది సెల్ లోపల మనకి కనపడని రెసిస్టెన్స్, లోపలి రసాయనాలు వాడుకుపోతున్న కొద్దీ పెరుగుతుంది. టార్చికి ఒకేసారి పెద్ద కరెంట్ కావాలి, అది ఈ లోపలి రెసిస్టెన్స్‌లోనే వేడిగా ఖర్చయిపోతుంది. గోడ గడియారం మాత్రం బహు కొంచెమే లాగుతుంది, దానికి 3.7 ఓమ్‌లు ఒక లెక్క కాదు. అందుకే టార్చిలో చచ్చిపోయిన సెల్ గడియారంలో నెలల తరబడి బతుకుతుంది. ఇప్పుడు మా ఇంట్లో పాత సెల్స్ అన్నిటికీ లోడ్ రీడింగ్ రాసిన స్టిక్కర్లు ఉన్నాయి.

ఇది చేస్తుంటే ఓమ్ గారి కథ గుర్తొచ్చింది. గేయార్గ్ ఓమ్ జర్మనీలో 1820లలో కొలతలు చేసేటప్పుడు ఆయనకి దొరికిన బ్యాటరీలు వోల్టా రకం, లోడ్ పెట్టగానే వోల్టేజ్ జారిపోతూ ఉండేది, నేను పాత సెల్‌లో చూసిందే. అలా జారే దానితో నియమం ఎలా పట్టుకుంటాం? పోగెండార్ఫ్ అనే ఆయన సలహా మీద ఓమ్ బ్యాటరీ వదిలేసి థర్మోకపుల్ వాడాడు. రెండు వేర్వేరు లోహాల అతుకుల్లో ఒకదాన్ని మరిగే నీళ్ళలో, ఇంకోదాన్ని మంచులో పెడితే చిన్నదే అయినా కదలని వోల్టేజ్ వస్తుంది, సీబెక్ 1821లో కనిపెట్టిన సంగతి అది. వేలాడే అయస్కాంత సూది ఎంత తిరిగిందో చూసి కరెంట్ కొలిచాడు. 1826లో ఫలితాలు, 1827లో పుస్తకం. నియమం అంటే కాగితం మీద మూడు అక్షరాలు అనుకుంటాం గానీ, కదలని మూలం ఒకటి దొరికేదాకా అది బయటపడలేదు అంటే ఎంత ఓపిక పట్టి ఉంటాడో చూడండి.

టార్చి బల్బు

పాతకాలం ఫిలమెంట్ బల్బు, దాని మెడ మీద 2.5 వోల్ట్, 0.3 ఆంపియర్ అని ఉంది. భాగిస్తే 8.3 ఓమ్‌లు రావాలి. మీటర్‌ని ఓమ్‌లలో పెట్టి బల్బుకి ఆనిస్తే 1.1 వచ్చింది. అందులో ప్రోబ్ వైర్ల రెసిస్టెన్స్ కూడా ఉంది, ప్రోబ్‌లు రెండూ ఒకదానికొకటి ఆనిస్తేనే 0.3 చూపిస్తుంది, అది తీసేస్తే 0.8. కానీ చివరి అంకె 0.1 దగ్గర ఆగిపోయే మీటర్‌తో 0.8 కొలవడం అంటే నాకు తృప్తిగా లేదు.

దీనికి నాలుగు వైర్ల పద్ధతి ఉంది, కెల్విన్ పద్ధతి అంటారు, చాలా అందమైనది. కరెంట్ పంపే వైర్లు వేరు, వోల్టేజ్ చదివే వైర్లు వేరు. రెండు సెల్స్, 150 ఓమ్‌ల రెసిస్టర్, తమ్ముడి మీటర్ మిల్లీఆంపియర్లలో, బల్బు, అన్నీ వరసలో పెట్టా, కరెంట్ 20.3 మిల్లీఆంపియర్లు. నా మీటర్‌ని 200 మిల్లీవోల్టుల రేంజ్‌లో పెట్టి ప్రోబ్‌లు బల్బు మెడకీ అడుగుకీ నేరుగా ఆనిస్తే 16.0 మిల్లీవోల్టులు. భాగిస్తే 0.79 ఓమ్. వోల్టేజ్ చదివే వైర్లలో కరెంట్ దాదాపు ప్రవహించదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ ఎంతున్నా లెక్కలోకి రాదు. 20 మిల్లీఆంపియర్లకి ఫిలమెంట్ వేడెక్కదు కూడా, అంటే ఇది చల్లటి బల్బు అసలు విలువ.

ఇప్పుడు బల్బుని పూర్తిగా వెలిగించి, 2.42 వోల్టులు, 0.28 ఆంపియర్. 8.64 ఓమ్‌లు. చల్లగా ఉన్నప్పటికన్నా సుమారు 11 రెట్లు! అదే బల్బు, అదే తీగ. వేడెక్కేకొద్దీ టంగ్‌స్టన్ రెసిస్టెన్స్ పెరుగుతుంది, ఎంత వేడికి ఎన్ని రెట్లు అనే పట్టికలు ఉన్నాయి, 11 రెట్లు అంటే ఫిలమెంట్ ఇంచుమించు 1900 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంది. బల్బుని ముట్టుకోకుండా, గాజు పగలగొట్టకుండా, రెండు అంకెలు భాగించి లోపల ఎంత వేడి ఉందో చెప్పేశాం, ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంది. ఫిలమెంట్ బల్బులు ఎక్కువగా స్విచ్ వేసిన క్షణంలోనే మాడిపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరికింది, ఆ క్షణంలో తీగ చల్లగా ఉంటుంది, కరెంట్ ఒక్కసారిగా పది రెట్ల దాకా దూకుతుంది.

దీని పక్కనే ఎర్ర ఎల్ఈడీ కూడా చూశా, కానీ అది వేరే జాతి. కరెంట్ ఎంత పెంచినా వోల్టేజ్ 1.9 చుట్టుపక్కలే ఉంటుంది, నీలం అయితే 3 దగ్గర. దానికి ఇన్ని ఓమ్‌లు అని చెప్పడంలో అర్థం లేదు, అందుకే ఎల్ఈడీ ముందు ఎప్పుడూ కరెంట్‌ని అదుపు చేసేది ఏదో ఒకటి ఉంటుంది.

ఛార్జింగ్ కేబుల్

అందరికీ పనికొచ్చేది ఇదే. ఒకే ఛార్జర్, ఒకే ఫోను, ఒక కేబుల్‌తో త్వరగా ఎక్కుతుంది, ఇంకో కేబుల్‌తో గంటలు గంటలు. ఎందుకు?

యూఎస్‌బీ సాకెట్ల పిన్నులు బయటికి తీసిన చిన్న బోర్డులు దొరుకుతాయి, రెండు తీసుకుని కేబుల్‌కి అటు ఒకటి ఇటు ఒకటి పెట్టా. చివర్లో ఫోను బదులు 5 ఓమ్‌ల, 10 వాట్ల సిమెంట్ రెసిస్టర్ (ఇది చెయ్యి కాలేంత వేడెక్కుతుంది, పింగాణీ పలక మీద పెట్టండి). సన్నటి మీటరు పొడవు కేబుల్‌తో, ఛార్జర్ వైపు 5.10 వోల్టులు, రెసిస్టర్ వైపు 4.64. అంటే 0.46 వోల్ట్ కేబుల్‌లోనే పోయింది. కరెంట్ 0.93 ఆంపియర్, కాబట్టి కేబుల్ రెసిస్టెన్స్ 0.5 ఓమ్. లావు కేబుల్‌తో అటు 5.10, ఇటు 4.92, కరెంట్ 0.98, రెసిస్టెన్స్ 0.18.

ఇది రాగి తీగ లావు పని. కేబుల్ తొడుగు మీద కళ్ళు చికిలించి చూస్తే 28 ఏడబ్ల్యూజీ, 24 ఏడబ్ల్యూజీ అని గేజ్ (తీగ లావు కొలత) ముద్ర ఉంటుంది చాలావాటికి, అంకె తగ్గితే తీగ లావు. 28 గేజ్ రాగి మీటరుకి 0.213 ఓమ్, 24 గేజ్ 0.084. కరెంట్ వెళ్ళి తిరిగి రావాలి కాబట్టి మీటరు కేబుల్ అంటే రెండు మీటర్ల తీగ, 28కి 0.43, 24కి 0.17, ఇంకొంచెం ప్లగ్ అతుకుల్లో. నేను కొలిచిన 0.5, 0.18 పక్కన పెట్టి చూడండి, చక్కగా కలిశాయి. మీటర్ రీడింగ్ ఒకవైపు నుంచి, తీగ లావు లెక్క ఇంకోవైపు నుంచి వచ్చి ఒకచోట కలిసినప్పుడు వచ్చే సంతోషం వేరు.

ఫోను లోపలి ఛార్జింగ్ చిప్ తనకొచ్చే వోల్టేజ్‌ని చూస్తూ ఉంటుంది, అది మరీ జారిపోతుంటే కరెంట్ తగ్గించుకుంటుంది, సన్న కేబుల్‌తో నిదానం అయ్యేది అందుకే. ఫాస్ట్ ఛార్జింగ్‌లో వోల్టేజ్ పెంచేదీ అందుకే. 18 వాట్లు 5 వోల్టుల్లో పంపాలంటే 3.6 ఆంపియర్లు, 9 వోల్టుల్లో అయితే 2 చాలు, కేబుల్‌లో వృథా కరెంట్ వర్గంతో పెరుగుతుంది కాబట్టి వృథా మూడో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. యూఎస్‌బీ పవర్ డెలివరీ అనే ఛార్జింగ్ ప్రమాణం మామూలుగా 20 వోల్టుల దాకా వెళ్తుంది, 2021లో వచ్చిన సవరణతో 48 వోల్టులు, 240 వాట్ల దాకా. ఊళ్ళ మధ్య స్తంభాల మీద లక్షల వోల్టులు ఎందుకు పంపుతారో కూడా ఇదే లెక్క.

యూఎస్‌బీ-సీ గురించి ఒక్క ముక్క చెప్పి ముందుకెళ్తా. సీ టు సీ కేబుల్‌తో ఛార్జర్‌కి ఉత్త బోర్డు తగిలిస్తే వోల్టేజ్ సున్నా, ఛార్జర్ ఏమీ ఇవ్వదు. సీసీ అనే పిన్నుకీ గ్రౌండ్‌కీ మధ్య 5.1 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టగానే 5 వోల్టులు వచ్చేశాయి. ఆ రెసిస్టర్ ఉంటేనే అవతల ఒక పరికరం ఉందని ఛార్జర్ నమ్ముతుంది. తర్వాత అదే పిన్ను మీద వోల్టేజ్ చూస్తే 1.68. దాని అర్థం, నేను 3 ఆంపియర్ల దాకా ఇవ్వగలను అని ఛార్జర్ చెప్తోంది. 1.5 ఆంపియర్ల ఛార్జర్ అయితే అక్కడ 0.92 ఉంటుంది, మామూలుదైతే 0.41. రెండు వస్తువులు ఒక రెసిస్టర్, ఒక వోల్టేజ్‌తో మాట్లాడుకుంటున్నాయి, ఆ మాటలు మన చవక మీటర్ కూడా వినగలదు.

థర్మిస్టర్

చిన్న ఎంట్రీ. డిజిటల్ జ్వరం థర్మామీటర్ మొనలో ఉండేది థర్మిస్టర్ అనే చిన్న పూస, వేడెక్కితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, టంగ్‌స్టన్‌కి సరిగ్గా వ్యతిరేకం. విడిగా 10 కిలోఓమ్‌లది ఒకటి తీసుకున్నా. 25 డిగ్రీల గదిలో 10.0 కిలోఓమ్‌లు, మంచు కలిపిన నీళ్ళలో 32.6, వేళ్ళ మధ్య పట్టుకుంటే 7 దాకా దిగింది. 37 డిగ్రీల దగ్గర ఇది 6 కిలోఓమ్‌ల చుట్టూ ఉంటుంది, అక్కడ డిగ్రీకి 4 శాతం మారుతుంది, అంటే 0.1 డిగ్రీకి 24 ఓమ్‌లు. అంత మార్పు ఏ చిన్న చిప్ అయినా చదివేస్తుంది. ఫోను బ్యాటరీలో ప్లస్, మైనస్ కాకుండా ఇంకో పిన్ను కనిపిస్తే చాలాసార్లు అది ఇలాంటి పూసదే. లిథియం బ్యాటరీని గడ్డకట్టే చలిలో ఛార్జ్ చేస్తే లోపల లోహపు లిథియం పేరుకుంటుంది, అది ప్రమాదం, అందుకే ఛార్జర్ ముందు దీన్ని అడిగి తర్వాతే కరెంట్ ఇస్తుంది.

కాటా విప్పాక

నిజానికి ఈ ప్రాజెక్టు అంతా దీనికోసమే. తెర పాడైన 5 కిలోల డిజిటల్ కాటా. లోపల ఒక అల్యూమినియం కడ్డీ, మధ్యలో తొలిచి ఉంది, ఒక చివర అడుగుకి, ఇంకో చివర పళ్ళేనికి బిగించారు. కడ్డీకి తెల్లటి జిగురు, అందులోంచి నాలుగు సన్న వైర్లు, ఎరుపు, నలుపు, తెలుపు, ఆకుపచ్చ. ఇంకేం లేదు, స్ప్రింగ్ లేదు, చక్రం లేదు.

ఓమ్‌లలో పెట్టి చూస్తే ఎరుపు నలుపు మధ్య 1000, తెలుపు ఆకుపచ్చ మధ్య 1000, మిగతా ఏ జంట తీసుకున్నా 750. ఈ మూడు అంకెలతోనే లోపలి బొమ్మ గీసేయొచ్చు. నాలుగు 1000 ఓమ్‌ల రెసిస్టర్లు చతురస్రంలా కలిపి ఉన్నాయి. ఎదురెదురు మూలల మధ్య 2000 పక్కన 2000, అంటే 1000. పక్కపక్క మూలల మధ్య 1000 పక్కన 3000, అంటే 750. ఇదే వీట్‌స్టన్ బ్రిడ్జ్. దీన్ని మొదట 1833లో రాసింది శామ్యూల్ హంటర్ క్రిస్టీ, 1843లో వీట్‌స్టన్ దాన్ని నలుగురికీ తెలిసేలా చేశాడు, పేరు ఆయనకే ఉండిపోయింది.

ఆ నాలుగు రెసిస్టర్లే స్ట్రెయిన్ గేజ్‌లు, సన్నటి లోహపు రేకు మెలికలు కడ్డీకి అంటించి ఉంటాయి. బరువు పెడితే కడ్డీ కంటికి కనపడనంత వంగుతుంది, రెండు గేజ్‌లు సాగుతాయి, రెండు నొక్కుకుంటాయి. అంటించే గేజ్‌ని 1938లో ఎడ్వర్డ్ సిమన్స్, ఆర్థర్ రూజ్ అనే ఇద్దరు ఎవరికి వాళ్ళు కనిపెట్టారు. ఎంత మారుతుంది అంటే, ఈ కడ్డీ 5 కిలోలకి వోల్టుకి 1 మిల్లీవోల్ట్ ఇస్తుంది, లెక్క వేస్తే ఒక్కో గేజ్‌లో మార్పు 1000 ఓమ్‌లకి 1 ఓమ్. ఒక్క గ్రాముకి 0.0002 ఓమ్. నా ప్రోబ్ వైర్లకే 0.3 ఓమ్ ఉందని పైన రాశా కదా, దాని ముందు ఇది ఎంత? ఓమ్‌లలో పెట్టి ఈ బరువు కొలవడం కుదిరే పని కాదు.

బ్రిడ్జ్ గొప్పతనం ఇక్కడే. ఎరుపు నలుపు మధ్య 5 వోల్టులు ఇచ్చి, తెలుపు ఆకుపచ్చ మధ్య మీటర్ 200 మిల్లీవోల్టుల్లో పెట్టా. పళ్ళెం ఖాళీగా ఉంటే 0.0. నాలుగూ సమానం కాబట్టి ఆ 1000 ఓమ్‌లు మొత్తం కొట్టుకుపోయి తేడా మాత్రమే మిగులుతుంది. లీటరు నీళ్ళు పెడితే 1.0 మిల్లీవోల్ట్. రెండు లీటర్లకి 2.0. తీసేస్తే మళ్ళీ 0.0. గది వేడెక్కితే నాలుగు గేజ్‌లూ కలిసే వేడెక్కుతాయి, ఆ మార్పు కూడా చాలావరకు కొట్టుకుపోతుంది. ఈ రీడింగ్ చూసి కాసేపు అలాగే బాటిళ్ళు పెడుతూ తీస్తూ కూర్చున్నా, ఎందుకంటే నా మామూలు మీటర్ ఇప్పుడు 100 గ్రాముల మెట్లలో బరువు చూపిస్తోంది.

కాటా, బోర్డు పెట్టాక

గ్రాముకి ఒక మైక్రోవోల్ట్ చదవాలంటే వేరే చిప్ కావాలి. హెచ్‌ఎక్స్ 711 అని ఉంటుంది, కాటాల కోసమే చేసినది, లోపల 128 రెట్లు పెంచే యాంప్లిఫయర్, వోల్టేజ్‌ని అంకెగా మార్చే 24 బిట్ల కన్వర్టర్, సెకనుకి 10 సార్లు చదువుతుంది. దాన్ని చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుకి కలిపి అంకెలు కంప్యూటర్లో చూస్తున్నా. ఖాళీ పళ్ళేనికి ఒక అంకె, కిలో బరువుకి ఒక అంకె రాసుకుని మధ్యలో గీత గీస్తే కాలిబ్రేషన్ అయిపోయింది. రెండు, మూడు, నాలుగు కిలోలు ఆ గీత మీదే పడ్డాయి.

తర్వాత చేసిన పరీక్ష నాకు అన్నిటికన్నా ముఖ్యం. నాలుగు కిలోలు పెట్టి ఉంచి, బోర్డుకిచ్చే కరెంటు 5 వోల్టుల నుంచి 3.3కి మార్చా. బ్రిడ్జ్‌కి అందే వోల్టేజ్ 4.2 నుంచి 3.1కి పడింది, మీటర్‌తో చూస్తే తెలుపు ఆకుపచ్చ మధ్య 3.4 మిల్లీవోల్టులు ఉన్నది 2.5 అయింది. కానీ కంప్యూటర్లో బరువు 4000 గ్రాముల నుంచి 4001కి వెళ్ళి అక్కడే ఉంది. కారణం పైన చెప్పిన పోలిక. చిప్ తన రిఫరెన్స్‌ని కూడా బ్రిడ్జ్‌కిచ్చే ఆ వోల్టేజ్ నుంచే తీసుకుంటుంది, రెండూ కలిసి పడిపోతే నిష్పత్తి మారదు. నా మీటర్ ఓమ్‌లు కొలిచే తీరూ ఇదే.

ఇప్పుడు మిగిలిన పని సున్నా జారడం. ఖాళీ పళ్ళేనికి పొద్దున ఉన్న సున్నా మధ్యాహ్నానికి రెండు మూడు గ్రాములు పక్కకి పోతోంది, బ్రిడ్జ్ వేడిని చాలావరకు కొట్టేస్తుంది గానీ పూర్తిగా కాదు. అదే 10 కిలోఓమ్‌ల థర్మిస్టర్‌ని కడ్డీకి అంటించేశా, బరువు అంకె, వేడి అంకె రెండూ నిమిషానికోసారి ఫైల్లోకి రాస్తున్నాయి. రెండింటికీ గ్రాఫ్ గీసి డిగ్రీకి ఎన్ని గ్రాములు జారుతోందో తేలితే ఆ సవరణ ప్రోగ్రామ్‌లో పెడతా. ఎక్కువసేపు బరువు ఉంచితే కడ్డీ, జిగురు నెమ్మదిగా సర్దుకుంటూ అంకె కొంచెం కొంచెం పాకడం కూడా కనిపిస్తోంది, దాన్ని వేడి ప్రభావం నుంచి విడదీయాలంటే రాత్రంతా నాలుగు కిలోలు ఉంచి ఇంకో ఫైలు తీయాలి. తర్వాతి ఎంట్రీ ఆ రెండు గ్రాఫుల మీదే.